మారుత్ ముక్కు, బేస్ గిటార్ కొమ్ము

బెంగళూరులో మా ఇంటికి దారి చెప్పాలంటే సురంజన్ దాస్ రోడ్డు పేరెత్తక తప్పదు. ఆటోవాళ్ళు, పార్సిళ్ళు తెచ్చే కుర్రాళ్ళు, గ్యాస్ బండ తెచ్చే ఆయన, అందరూ రోజూ పలికే పేరే. ఆయనెవరని అడిగితే మాత్రం "ఎవరో బెంగాలీ స్వాతంత్ర్య యోధుడేమో సార్" అంటారు. నాలుగేళ్ళపాటు నేనూ అదే అనుకున్నాను. తీరా చూస్తే ఆయన టెస్ట్ పైలట్. 1961 జూన్ 17న ఇదే ఊళ్ళో హెచ్.ఎఫ్-24 మారుత్ అనే యుద్ధవిమానాన్ని మొదటిసారి గాల్లోకి లేపిన మనిషి. 1970 జనవరిలో అదే మారుత్‌కి కొత్త ఇంజను అమరిక పెట్టి పరీక్షిస్తూ, విమానం కూలి చనిపోయారు.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడు. హిందూపురం నుంచి శని, ఆదివారాలకి రైలెక్కి వచ్చేస్తుంటాడు. నా గదిలో గోడ మీద మారుత్ ఫోటో, దాని కింద స్టాండు మీద నా పాత బేస్ గిటార్. ఒకరోజు ఆ రెండిటినీ మార్చి మార్చి చూసి, "మామా, ఒకటేమో చంపేది, ఒకటేమో పాడేది. రెండూ ఒకే మనిషికి ఎట్లా నచ్చుతాయి?" అన్నాడు.

రెండూ అందంగా ఉంటాయి కదరా అన్నాను. "అందం అంటే?" అన్నాడు వెంటనే. ఈ తరం పిల్లలు అంత తేలిగ్గా వదలరు. మరుసటి వారం వాణ్ణి పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని హెచ్.ఏ.ఎల్. (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) మ్యూజియానికి తీసుకెళ్ళాను. దారి పొడుగునా, తిరిగొచ్చాక రాత్రి దాకా నేను చెప్పిందాన్ని కాస్త వరుసలో పెడితే ఈ వ్యాసం అయింది.

నా వాదన ఒక్కటే. ఆ కాలం యుద్ధవిమానమైనా, ఆ కాలం బేస్ గిటారైనా, ఎందుకలా ఉందో బయటి నుంచే చదువుకోవచ్చు. ప్రతి వంపు వెనకా ఒక ఇబ్బంది ఉంటుంది, ఆ ఇబ్బందితో ఎవరో చేసుకున్న రాజీ ఉంటుంది. మనం అందం అంటున్నది చాలావరకు ఆ రాజీ కంటికి కనబడటమే.

ముందు మారుత్ సంగతి. దాని ముందు నిలబడితే ఎవరికైనా ఇది చాలా వేగంగా వెళ్ళే విమానం అనిపిస్తుంది. సూదిలాంటి ముక్కు, వెనక్కి వాల్చిన పలచటి రెక్కలు, పక్కలకి అణిగి ఉన్న గాలి ద్వారాలు. దీన్ని గీసింది కుర్ట్ టాంక్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి ఫోకె-వుల్ఫ్ 190 డిజైన్ చేసినాయన. యుద్ధం అయ్యాక అర్జెంటీనా వెళ్ళి, అక్కణ్ణుంచి 1956లో బెంగళూరు వచ్చాడు. తను గీసిన విమానాలు తనే నడిపి చూసే అలవాటున్న మనిషి. ఇక్కడ ఆయనకి చెప్పిన లక్ష్యం ధ్వనికి రెట్టింపు వేగం. ఆకారం ఆ లెక్కకి తగ్గట్టే వచ్చింది. ఇంజనే రాలేదు.

అనుకున్నది ఆఫ్టర్‌బర్నర్ ఉన్న బ్రిటిష్ ఆర్ఫియస్ ఇంజను. ఆఫ్టర్‌బర్నర్ అంటే ఇంజను వెనక గొట్టంలో ఇంకాస్త ఇంధనం మండించి తోపుడు పెంచే అమరిక. ఆ రకాన్ని తయారుచేయాల్సిన బ్రిటన్‌కి దాని అవసరం తీరిపోయింది. అభివృద్ధి ఖర్చు మీరే పెట్టుకోండి అంటే మన ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చివరికి ఆఫ్టర్‌బర్నర్ లేని ఆర్ఫియస్ 703లు రెండు పెట్టుకుని ఎగరాల్సొచ్చింది. ఒక్కోదాని తోపుడు బలం 2,200 కిలోల చొప్పున. ఈజిప్టు తయారుచేస్తున్న ఇంకో ఇంజను పెట్టి చూద్దామని ఒక మారుత్‌ని అక్కడిదాకా పంపారు, అదీ కుదరలేదు. ధ్వనికి రెట్టింపు వేగంతో పోవాల్సిన విమానం మట్టంగా ఎగిరేటప్పుడు ధ్వని వేగాన్ని అందుకోవడానికే ఆయాసపడింది. సురంజన్ దాస్ చివరి పరీక్ష కూడా ఆ కొరత తీర్చడానికి దేశంలోనే అమర్చిన ఆఫ్టర్‌బర్నర్‌తోనే జరిగింది.

అలాగని మారుత్‌ని పనికిరాని విమానం అనడం అన్యాయం. నేలకి దగ్గరగా వేగంగా, కుదురుగా పోయేది. నాలుగు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు మోసేది. 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దు మీద బాగా పనిచేసింది. ఒక ఇంజను దెబ్బతిన్నా రెండో దానితో ఇంటికొచ్చిన సందర్భాలున్నాయి. రెండు సీట్ల శిక్షణ విమానాలతో కలిపి మొత్తం 147 తయారయ్యాయి. మరి ఆ ముక్కు వంక చూస్తే నాకెందుకు గొంతు పట్టేస్తుందంటే, ఆ ఆకారం ఒక మాట ఇచ్చింది. ఆ మాట ఎక్కడ తప్పిందో కూడా వెనక్కి నడిచి చూస్తే కనబడుతుంది. అంత సన్నటి ఒళ్ళు, దాని చివర రెండు చిన్న గొట్టాలు.

ఇదే ఆర్ఫియస్ కుటుంబం ఇంజను ఒక్కటి పెట్టుకుని ఎగిరింది బ్రిటిష్ యుద్ధవిమానం నాట్. పేరుకి అర్థం నుసుమ అనే. కళ్ళ చుట్టూ ముసిరే నుసుమలు ఉంటాయే, అవే. నిజంగానే అంతది. రెక్కల చివర నుంచి చివరికి కొలిస్తే ఏడు మీటర్లు కూడా లేదు. యుద్ధవిమానాల బరువూ ఖర్చూ పెరిగిపోతున్నాయి, విమానాన్నే చిన్నది చేయమన్నాడు దాన్ని గీసిన పెటర్. మారుత్ పెద్ద కలకి చిన్న ఇంజను, నాట్ చిన్న ఇంజనుకి సరిపడా కల. 1965 యుద్ధంలో పేరొచ్చింది నాట్‌కే. మావాడు మాత్రం నాట్ దగ్గర ఒక ఫోటో తీసుకుని మళ్ళీ మారుత్ దగ్గరికే వెళ్ళాడు.

ఇక గిటార్. బేస్ గిటార్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ చెవులకి కూడా అది తెలుసు. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన తెలుగువాడు ఎవడైనా, గాయకుడి కింద ఇంకో గొంతు నడుస్తుంటే విన్నవాడే. అది బేస్. వీణని తెలిసినవాళ్ళకి దీని పుట్టుక ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. 1951కి ముందు పాశ్చాత్య వాద్య బృందాల్లో కింది స్వరాలకి నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. వయొలిన్ లాగే దానికి మెట్లు లేవు. వేలు ఎక్కడ పెడితే స్వరం అక్కడ. ట్రంపెట్ల హోరులో వాయించేవాడికే తన స్వరం వినబడదు. కారు పైకప్పుకి కట్టుకుని ఊరూరా తిరగాలి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో రేడియో రిపేరు షాపు నడిపి, తర్వాత గిటార్ల తయారీలోకి దిగిన లియో ఫెండర్ దీన్ని వాయిద్యం సమస్యగా చూడలేదు, రిపేరు సమస్యగా చూశాడు. ఆయనకి గిటార్ వాయించడం రాదు. మెట్లు పెడితే స్వరం తప్పదు, తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్ పెడితే వినబడుతుంది, చిన్నది చేస్తే కారు డిక్కీలో పడుతుంది. మెట్లుంటే స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి దానికి ప్రిసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. మొట్టమొదటిది మాత్రం అది కాదు. సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన 1930లలోనే ఆడియోవాక్స్ పేరుతో మెట్లున్న ఎలక్ట్రిక్ బేస్ చేసి అమ్మాడు. లోకం అప్పటికి సిద్ధంగా లేదు.

బేస్ మెడ ఎందుకంత పొడుగు అన్నదే ఇందులో అసలు చిక్కు. తీగ స్వరం మూడు విషయాల మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, ఒక్కో అంగుళం బరువు. పొడవు రెట్టింపైతే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. పొడవు మార్చకుండా అదే స్థాయి దించాలంటే తీగ బరువు నాలుగు రెట్లు కావాలి. బేస్ గిటార్ పలకాల్సింది మామూలు గిటార్ కంటే సరిగ్గా ఒక స్థాయి కింద. అన్నిటికన్నా లావు తీగ గిటార్‌లో సెకనుకి 82 సార్లు కంపిస్తే బేస్‌లో 41 సార్లు. గిటార్ కొలత 25.5 అంగుళాలే ఉంచేసి తీగని నాలుగు రెట్లు బరువు చేస్తే, అది తీగలా కాదు, ఇనప కమ్మీలా పలుకుతుంది. పొడవుని రెట్టింపు చేస్తే 51 అంగుళాలు, అందులో చెయ్యి అందే మనిషి లేడు. ఫెండర్ 34 దగ్గర ఆగాడు. 25.5ని మూడో వంతు పెంచితే సరిగ్గా 34. బిగువు అంతే ఉంచితే తీగ బరువు రెండుంపావు రెట్లయితే చాలు. సన్నటి ఉక్కు తీగ చుట్టూ ఇంకో తీగ చుట్టి బరువు పెంచారు, అందుకే అది వంగుతుంది కూడా. డెబ్భై ఏళ్ళు దాటాయి, ఇవాళ్టికీ బేస్‌లలో ఎక్కువ భాగం 34 అంగుళాలే.

మెడ పొడుగైతే ఇంకో తంటా. ఎద్దులబండికి సరుకు ఎక్కించినవాళ్ళకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది, వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. పొడవాటి మెడ, దాని చివర నాలుగు ఇనప మరలు. బెల్టు తగిలించుకుని నిలబడి చెయ్యి వదిలితే మెడ నేల వైపు వాలిపోతుంది. దీనికి ఫెండర్ చేసింది, బెల్టు తగిలించే గుబ్బని ముందుకి జరపడం. గుబ్బ ముందుకి రావాలంటే దాని కింద చెక్క ఉండాలి. అందుకే గిటార్ ఒంటి పై అంచున ఉండే కొమ్ము అంత ముందుకి, దాదాపు పన్నెండో మెట్టు దాకా సాగింది. చూసేవాళ్ళకి అదేదో సొగసు కోసం చేసిన వంపులా ఉంటుంది. అది కాడి బరువు లెక్క.

ఇదే లెక్కలో రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా యుద్ధవిమానం పి-51 మస్టాంగ్ ఇరుక్కుంది. బెర్లిన్ దాకా వెళ్ళి రావాలంటే ఇంధనం చాలక, పైలట్ వెనక 85 గ్యాలన్ల ట్యాంకు ఇంకోటి పెట్టారు. అది నిండుగా ఉన్నంతసేపూ బరువు కేంద్రం వెనక్కి జరిగిపోయి విమానం మాట వినేది కాదు, గట్టిగా మలుపు తిప్పితే ఇంకా లోపలికి ముడుచుకునేది. అందుకని పైలట్లు ఆకాశంలోకి చేరగానే ముందు ఆ వెనక ట్యాంకునే ఖాళీ చేసుకునేవాళ్ళు. గిటార్‌కి కొమ్ము పెంచినట్టు విమానానికి కుదరదు కదా.

ఇక్కడొక చిన్న తమాషా. పి-51 మొదటిసారి ఎగిరింది 1940లో. ప్రిసిషన్ బేస్‌ని అందరూ పి-బేస్ అంటారు, మొదటి తరం దాన్ని పాత వస్తువులు సేకరించేవాళ్ళు '51 పి అంటారు. విమానంలో పి అంటే వెంటాడేది, గిటార్‌లో కచ్చితమైనది. 1966లో ఫెండర్ కంపెనీ మస్టాంగ్ అని ఇంకో బేస్ తెచ్చింది, అది 30 అంగుళాలది. వీటి మధ్య చుట్టరికం ఏమీ లేదు. అయినా ఇంటర్నెట్‌లో ఒకటి వెతికితే రెండోది వచ్చి కూర్చుంటుంది.

పేర్ల సంగతి పక్కన పెట్టినా, మస్టాంగ్‌కీ బేస్‌కీ ఒక చోట నిజంగానే చుట్టరికం ఉంది. పాత విమానాల శబ్దం గురించి మాట్లాడేవాళ్ళు చెవిలో అనరు, గుండెలో అంటారు. ఒక లెక్క వేద్దాం. మస్టాంగ్‌లో ఉండేది ప్యాకర్డ్ కంపెనీ చేసిన మెర్లిన్ ఇంజను. ఇంజను తిరిగినంత వేగంగా ప్రొపెల్లర్ తిరగదు, మధ్యలో గేర్లున్నాయి, ఇంజను ఒక చుట్టుకి ప్రొపెల్లర్ 0.479 చుట్టు. ప్రొపెల్లర్‌కి నాలుగు రెక్కలు. ఒక్కో రెక్క గాలిని ఒక్కో దెబ్బ కొడుతుంది. నిమిషానికి 3,000 చుట్ల పూర్తి బలంతో పైకి లేస్తున్నప్పుడు సెకనుకి 96 దెబ్బలు. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా సన్నటి జి తీగ సెకనుకి 98. కొంచెం తగ్గించి 2,300 చుట్లకి తెస్తే 73 దెబ్బలు, అచ్చంగా డి తీగ. 1,720 దగ్గర ఎ తీగ. నేల మీద 1,290 దగ్గర నెమ్మదిగా తిరుగుతుంటే ఇ తీగ. అంటే ఇంజను చుట్లు మార్చే పిడి చేతిలో ఉంటే మస్టాంగ్‌తో బేస్ గిటార్ నాలుగు తీగలూ శృతి చేసుకోవచ్చు. దానిమీద ఇంజను పేలుళ్ళ శబ్దం వేరే వరసలో వస్తుంది. పన్నెండు సిలిండర్లు కాబట్టి చుట్టుకి ఆరు పేలుళ్ళు, 2,300 దగ్గర సెకనుకి 230. కింద మృదంగం, పైన గొంతు అన్నట్టు.

మావాడు ఫోన్‌లో లెక్క చూసుకుని, "మరి మారుత్ ఏ తీగ మామా?" అన్నాడు. ఏ తీగా కాదు. జెట్ శబ్దంలో స్వరం కంటే హోరే ఎక్కువ. అన్ని స్వరాలూ ఒకేసారి వినబడితే ఏదీ వినబడనట్టే. యుద్ధవిమానాల్ని శబ్దం కోసం ప్రేమించేవాళ్ళు ప్రొపెల్లర్ కాలం దగ్గరే ఎందుకు ఆగిపోతారో నాకు ఇక్కడే అర్థమైంది.

ఇంకో సందేహం రావచ్చు. మా ఊళ్ళో నా చిన్నప్పుడు విన్న టేప్ రికార్డర్‌లో అరచేతంత స్పీకరు, దాంట్లో సెకనుకి 41 కంపనాల స్వరం రావడం భౌతికంగా సాధ్యం కాదు. మరి ఇళయరాజా బేస్ ఎలా వినబడింది? తీగ ఎప్పుడూ ఒంటరిగా పలకదు. 41తో పాటు 82, 123, 164 కూడా పలుకుతాయి. స్పీకరు పై వాటినే పంపుతుంది. వాటి మధ్య దూరం 41 చొప్పున ఉంది కాబట్టి కింద 41 ఉండి తీరాలని మెదడు తనే పూరించుకుంటుంది. లేని స్వరాన్ని విన్నాం అన్నమాట, ఇన్నేళ్ళూ.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. నా బేస్ కొత్తది కాదు, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న నకలు రకం. కొన్నాక నెలకి తెలిసింది, సన్న తీగ మీద ఏడో మెట్టు నొక్కితే స్వరం మొదలై వెంటనే చచ్చిపోతోంది. ఆరో మెట్టు బాగానే ఉంది, ఎనిమిదీ బాగుంది. అమ్మినవాడు తీగలు మార్చమన్నాడు. మార్చాను. మెట్టు అరిగిందేమో అన్నారు ఇంకొకరు. అరగలేదు. చివరికి ఒక పెద్దాయన, గిటార్లు బాగుచేస్తారు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండుసార్లు మీటి, లోపలికి వెళ్ళి వడ్రంగి వాడే సి-క్లాంపు తెచ్చి, చెక్కకి దెబ్బ తగలకుండా గుడ్డ పెట్టి, మెడ చివరి తలకాయకి బిగించారు. "ఇప్పుడు వాయించు." స్వరం నిలబడింది. తీగ ముట్టుకోలేదు, మెట్టు ముట్టుకోలేదు, చివర పావుకిలో ఇనుము తగిలించారంతే.

సంగతేమిటంటే మెడ కూడా ఒక తీగే. పొడవాటి చెక్క కాబట్టి దానికీ సొంతంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది. చాలా ఎలక్ట్రిక్ బేస్‌లలో అది సన్న తీగ అయిదు, ఏడు మెట్ల మధ్య పలికే స్వరాల దగ్గరగా వచ్చి పడుతుంది. తీగ ఆ స్వరం పలికినప్పుడు మెడ దానితో జత కలిసి ఊగడం మొదలుపెడుతుంది. ఊగడానికి కావలసిన శక్తి తీగ దగ్గర్నుంచే లాక్కుంటుంది. తీగకి మిగలదు. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. చివర బరువు పెడితే మెడ ఊగే వేగం తగ్గి, దాని స్వరం కిందికి జరుగుతుంది.

విమానంలో ఇదే కథ తలకిందులుగా జరుగుతుంది, ప్రాణాలు తీస్తుంది. దాన్ని ఫ్లటర్ అంటారు. రెక్క ఊగే వేగం ఒకటుంటుంది, రెక్క వెనక అంచున ఆడే పలకలు ఊగే వేగం ఇంకోటి. ఒక వేగం దాటాక రెండూ జత కలిస్తే, ఎదురుగాలే వాటికి శక్తి పోస్తుంది. ఊయలని సరిగ్గా వెనక్కొచ్చిన క్షణంలో తోస్తే ఎలా పెరుగుతుందో అలా. రెక్క పైకి లేచినప్పుడు బరువు వెనకున్న పలక వెనకపడి కిందికి వాలుతుంది, దాంతో రెక్క ఇంకా పైకి. కొన్ని క్షణాల్లో రెక్క ఊడొచ్చేస్తుంది. గిటార్‌లో చెక్క తీగ దగ్గర దొంగిలిస్తుంది, ఇక్కడ గాలి దానం చేస్తుంది.

మందు మాత్రం ఒకటే. పలక కీలుకి ముందు వైపు సీసం లాంటి బరువు కట్టి, బరువు కేంద్రాన్ని కీలు దగ్గరికి తెస్తారు. పాత విమానాల్ని దగ్గరగా చూస్తే కొన్నిటికి రెక్కల వెనక పలకల నుంచి ముందుకి పొడుచుకొచ్చిన చిన్న గుండ్లు కనబడతాయి. తెలియనివాళ్ళకి అవేవో ఆయుధాల్లా ఉంటాయి. అవి సి-క్లాంపులు. ఇదే పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఉంది, ధ్వని వేగానికి లోపలా, దగ్గరా, పైనా గాలి వీచి విమాన నమూనాల్ని పరీక్షించే వాళ్ళ 1.2 మీటర్ల ట్రైసోనిక్ విండ్ టన్నెల్ 1967 నుంచి నడుస్తోంది. ఇలాంటి గాలి పరీక్షలు జరిగే ఊళ్ళో ఉంటూ, ఫ్లటర్ అంటే ఏమిటో నాకు ఒక గిటార్ రిపేరు ఆయన గుడ్డముక్క పెట్టి చూపించాల్సొచ్చింది.

రాకపోకలు కూడా లేకపోలేదు. హెలికాప్టర్లు తయారుచేసే చార్లెస్ కామన్ 1960లలో ఓవేషన్ పేరుతో గిటార్ల కంపెనీ పెట్టి, హెలికాప్టర్ల పనిలో నేర్చుకున్న ఫైబర్ విద్యతో గిటార్ వీపు చేశాడు. 1970లలో ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేసిన జెఫ్ గూల్డ్, ఉపగ్రహాలకి వాడే కార్బన్ ఫైబర్‌తో బేస్ మెడ చేస్తే ఊగకుండా బిర్రుగా ఉంటుందని చేసి చూపించాడు. డెడ్ స్పాట్లు బాగా తగ్గాయి. అయినా జనం చెక్కనే కొంటారు. నేనూ అంతే. ఎందుకో అడక్కండి.

చెక్క మాటొచ్చింది కాబట్టి: మారుత్ కూడా మొదట చెక్కతోనే గాల్లోకి లేచింది. ఇంజను లేకుండా పూర్తి సైజులో ఒక చెక్క గ్లైడర్ చేసి, డకోటా విమానానికి తాడు కట్టి లాగించి 1959లో ఎగరేసి చూశారు. బ్రిటన్ యుద్ధవిమానం మస్కీటో అయితే దాదాపు మొత్తం చెక్కే. పియానోలు, ఫర్నిచర్ చేసే వడ్రంగులు కూడా ఆ పనిలో ఉన్నారు. 1944లో భారతదేశానికి వచ్చిన మస్కీటోలు కొన్ని గాల్లోనే రెక్కలు విడిపోయి కూలితే, జిగురు మీద, అతుకుల మీద అనుమానంతో అన్నిటినీ నిలిపేసి పరీక్షించారు. మన వేడి, మన చెమ్మ ఎలాంటివో మైనంలో మెట్లు కూర్చే వీణవాళ్ళని అడిగితే చెప్పేవాళ్ళు. చాలా పాత ఫెండర్ల మీద మెరిసే పూతా, గుడ్డ కప్పిన పాత విమానాల మీద పూసిన లేపనమూ ఒకే పదార్థం, నైట్రోసెల్యులోజ్. రంగుల్ని మాత్రం ఫెండర్ కార్ల నుంచి తెచ్చుకున్నాడు. లేక్ ప్లాసిడ్ బ్లూ క్యాడిలాక్ రంగు, ఫియస్టా రెడ్ ఫోర్డ్ రంగు.

ఇంతదాకా రెండూ కలిసి నడిచాయి. ఏది అసలుది, ఏది కాదు అనే దగ్గర దారులు విడిపోతాయి. పాత బేస్ సేకరించేవాడు విప్పి చూసేది మెడ మడమ మీద పెన్సిల్‌తో రాసిన తేదీ, లోపలి సోల్డర్ ఎవరూ ముట్టుకోలేదా, రంగు మొదటిదేనా అని. ఎంత చక్కగా రంగు వేయించినా ధర పడిపోతుంది. ఫెండర్ కంపెనీని సి.బి.ఎస్. అనే అమెరికా ప్రసార సంస్థ కొన్న 1965కి ముందు తయారైందా, తర్వాతా అన్నది పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్టు అడుగుతారు. విమానాలవాళ్ళ పద్ధతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఇప్పటికీ ఎగిరే పాత స్పిట్‌ఫైర్ యుద్ధవిమానంలో పాత లోహం ఎంత తక్కువుంటే పైలట్‌కి అంత నిద్ర పడుతుంది. శకలం నుంచి తీసిన గుర్తింపు రేకు ఒక్కటీ ఆధారంగా చుట్టూ కొత్త విమానం కట్టినా, కాగితాల మీద అది ఆ పాత విమానమే.

కారణం లోహం గుణంలో ఉంది. కట్టుడు తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట పుటుక్కున తెగుతుంది. ఉక్కుకి ఒక హద్దు ఉంది, అంతకంటే తక్కువ వంచినంత కాలం ఎన్నిసార్లు వంచినా దాదాపుగా అలిసిపోదు. అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు. ఎంత చిన్న వంపైనా లెక్కలోకి వస్తుంది, ప్రతి ప్రయాణం ఆయుష్షులో కొంత కోసుకుపోతుంది. గిటార్ వాయిస్తే అరిగేది మెట్లూ తీగలే, చెక్కకి ఏమీ కాదు. పికప్ లోపలి అయస్కాంతాలు వయసుతో బలం కోల్పోయి స్వరం తియ్యగా మారుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు కానీ, ఆల్నికో అయస్కాంతం దాని మానాన దాన్ని వదిలేస్తే దశాబ్దాలకి పోగొట్టుకునేది చాలా తక్కువ. పాత బేస్ స్వరం అని మనం అనేది సగం పాత తీగలది. మోటౌన్ అనే అమెరికా రికార్డుల కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రిసిషన్ మీద తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదట. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాయించేవాడు. ఆయన చనిపోయిన 1983లోనే ఆ గిటార్ దొంగతనానికి పోయింది. అది ఇప్పుడు ఎవరింట్లో ఉన్నా, ఆ వేలు లేకుండా అది మామూలు ప్రిసిషన్.

ఈ అసలు, నకలు గొడవలో నాకు నచ్చిన కథ మన ఊరిదే. రెండో ప్రపంచ యుద్ధంలో హెచ్.ఏ.ఎల్. కర్మాగారం అమెరికా విమానాల మరమ్మతు డిపోగా మారింది. నీళ్ళ మీద దిగే కాటలీనాలు బెళ్లందూరు చెరువులో దిగేవి. తర్వాతి కాలంలో నురగలు కక్కి వార్తల్లోకెక్కిన చెరువే అది. యుద్ధం అయ్యాక లిబరేటర్ బాంబర్లని మళ్ళీ ఎవరూ వాడకుండా పాడుచేసి కాన్పూరులో కుప్పగా వదిలేశారు. వాటిని మనవాళ్ళు తిరిగి ఎగరగలిగేలా అతికి, బెంగళూరుకి ఎగరేసుకొచ్చి, పూర్తిగా బాగుచేసి వాయుసేనకి ఇచ్చారు. 1968 దాకా పనిచేశాయి. ఇవాళ బ్రిటన్, అమెరికా మ్యూజియాల్లో అబ్బురంగా చూసే లిబరేటర్లలో కొన్ని ఆ చెత్తకుప్పలోంచి వచ్చినవే. అవి అసలువా, కావా? గిటార్ల దుకాణంవాడైతే సగం ధర కూడా ఇవ్వడు.

మ్యూజియం నుంచి బయటికొస్తుంటే మావాడు తేజస్ గురించి అడిగాడు. 2001 జనవరి 4న ఇక్కడే మొదటిసారి ఎగిరింది, మారుత్‌ని దాటిన విమానం, అందులో సందేహం లేదు. దాన్ని కావాలనే స్థిరత్వం లేకుండా చేసి, నాలుగు వరసల కంప్యూటర్లతో సెకను సెకనూ సరిచేస్తారు. మస్టాంగ్ పైలట్ ట్యాంకు ఖాళీ చేసి తప్పించుకున్న సమస్యని ఇది కోరి తెచ్చుకుని వాడుకుంటుంది. అయితే ఎందుకలా ఉందన్న కారణం చాలావరకు ప్రోగ్రాములోకి వెళ్ళిపోయింది, చుట్టూ ఎంత తిరిగినా కళ్ళకి దొరకదు. బ్యాటరీ పెట్టుకునే కొత్త బేస్‌లూ అంతే.

ఇంటికొచ్చాక వాడు నా బేస్ తీసి మెడ చివరి క్లాంపు చూసి, "దీన్ని ఇంకా తీయలేదా, సరిగ్గా బాగుచేయించుకోవచ్చు కదా" అన్నాడు. బాగుచేయడానికి అందులో ఏమీ లేదు. బరువు పెట్టినంత మాత్రాన ఆ చచ్చిన స్వరం ఎక్కడికీ పోలేదు. ఏడో మెట్టు నుంచి కాస్త కిందికి జరిగింది. ఇప్పుడది ఆరో మెట్టు స్వరానికీ ఏడో మెట్టు స్వరానికీ మధ్యలో ఎక్కడో ఉంది. అక్కడ మెట్టు లేదు కాబట్టి ఎవరూ దాన్ని మీటరు. విమానంలోనూ ఫ్లటర్‌ని ఎవరూ చంపరు. ఆ విమానం ఎప్పటికీ చేరని వేగం దాకా దాన్ని తోసి వదిలేస్తారు. మావాడు ఆరో మెట్టు మీద వేలు పెట్టి, తీగని పక్కకి లాగి లాగి, ఆ మధ్య స్వరం కోసం రాత్రి పదకొండు దాకా వెతికాడు. దొరికింది కూడా. చచ్చిపోతుంటే విని నవ్వుకున్నాడు.